షీటులో లేని ఇల్లు

బావ నా చెయ్యి టేబులుకి అదిమిపెట్టి చిటికెన వేలు వెనక్కి విరిచాడు. ముందు చప్పుడు వినిపించింది. నొప్పి ఆ తర్వాత తెలిసింది.

"చెప్పరా! వంతెన దగ్గరి ఇల్లు మన షీటులో ఎందుకు లేదు?"

బావ ఇళ్ళ బ్రోకరు. ఇంటర్నెట్ సైట్లలో పడే అద్దె ప్రకటనలన్నిటినీ ఫొటోలతో సహా ఏరోజుకారోజు ఒక షీటులోకి చేర్చే ప్రోగ్రాము నేనే రాసిచ్చాను. అది వచ్చాక ఆయన సైట్లు చూడ్డమే మానేశాడు. ఇవాళ పక్క ఆఫీసు బ్రోకరు ఆ ఇల్లు అద్దెకిప్పించి ఈయన ముందే మీసం మెలేశాడు.

"ప్రోగ్రాములో ఏదో తప్పుంది బావా."

"కుక్కల గూళ్ళు కూడా ఏరుకొచ్చేది అంత మేడని వదిలేస్తుందా?" కీబోర్డు నా మొహం మీద పగిలింది. రాలిన మీటల్లో నా పన్ను కూడా ఒకటి కలిసింది. "మీ అక్కలాగే నువ్వూ నా కళ్ళుగప్పుదామనుకున్నావా? వాడికి అమ్ముకున్నావు కదూ?"

"అవును. అమ్ముకున్నాను."

ఆ మాటతో ఆయన అనుమానం తీరింది. తన కాళ్ళు నొప్పి పుట్టేదాకా నన్ను తన్ని, తలుపు ధడాలున వేసి పోయాడు.

నేనెవరికీ ఏదీ అమ్మలేదు. ఆ ప్రకటన షీటులోకి రాకుండా ఆపింది మాత్రం నేనే.

అందులో పడగ్గది ఫొటో ఒకటుంది. గదిలో బీరువా ఉంది, బీరువాకి నిలువుటద్దం ఉంది. ఫొటో తీసిన మనిషి తానూ అందులో పడ్డానని చూసుకోలేదు.

బావ ఊరూరా వెతుకుతున్న మా అక్క, ఫోను ఎత్తి పట్టుకుని. మిగతా వేళ్ళన్నీ ఫోను చుట్టూ ముడుచుకున్నాయి. చిటికెన వేలొక్కటే, ముడవడం రాక, వంకరగా నిలబడి ఉంది.