తీగ మీద పిచ్చుక

హలో హలో, అందరూ ఉన్నారా? నేనేనండీ, మీ ప్రొజెక్టర్ బాబాయిని. పొయ్యి మీద ఏదైనా ఉంటే మంట తగ్గించి రండి. చిన్న సంగతే, ఇట్టే అయిపోతుంది.

మా వంటింటి బల్ల మీద ఒక బల్బు. బల్బు ముందు ఒక ఫిల్ము ముక్క. దాని మీద మా ఆవిడ సూది.

తను ఒకప్పుడు ఫిల్మ్ ల్యాబులో ముక్కలు అతికించే పని చేసేది. ల్యాబు మూసేశారు కానీ ఆ చేతులు ఊరుకుంటేగా.

ఈమధ్య సినిమా పిచ్చి పిల్లలు కొందరు ఒక సరదా పెట్టారు. కెమెరా ఉండదు. పాత ఫిల్ము మీద గీకి, రంగులేసి, చేత్తోనే బొమ్మ కదిలించాలి. అందరివీ కలిపి ఒకరోజు తెర మీద వేస్తారు.

మా ఆవిడకి ఏదో ప్రకటన తాలూకు పాత రీలు దొరికింది. చీకటి పడుతున్న వీధి, ఒక మేడ. మనుషులు లేరు.

ఆ చీకటి ఆకాశంలో సూదితో ఒక కరెంటు తీగ గీకుతుంది. గీకిన చోటల్లా తెల్లగా వెలుగొస్తుంది. తీగ మీద పిచ్చుక. మొత్తం కలిపి తపాలా బిళ్ళంత బొమ్మ.

పక్క బొమ్మలో మళ్ళీ అదే తీగ, అదే పిచ్చుక. దాని పక్కన మళ్ళీ. తెర మీద ఒక్క సెకను గడవాలంటే ఇరవై నాలుగు సార్లు గీకాలి.

“కథేంటే?” అన్నాను.

“పిచ్చుక వచ్చి వాలుతుంది. కాసేపు కూర్చుంటుంది. ఎగిరిపోతుంది.”

“అంతేనా? విలన్ లేడా?”

“మీరున్నారుగా ఇంట్లో.”

ఎండాకాలంలో మొదలుపెట్టింది. వానలొచ్చాయి, వెళ్ళిపోయాయి. ఇంకా గీకుతూనే ఉంది.

“ఏమండీ, ఈ సూది మొండిదైపోయింది. కొత్తది తెండి.”

తెచ్చాను.

“ఇదీ అంతేనండీ.”

మళ్ళీ తెచ్చాను. కొట్టువాడు నన్ను దర్జీ అనుకున్నాడు.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో టీ సగం కప్పే రావడం మొదలైంది. తనేమో నేను చూడకుండా వంటింట్లోనే తాగేసేది.

“ఏమే, ఇంత పిసినారితనమా?”

“మీకు షుగరొస్తుంది. సగం చాలు.”

ప్రదర్శన రోజు మెషిన్ నాదే. ఎన్నేళ్ళు తిప్పాను, ఎన్ని సినిమాలు తిప్పాను! ఆ రోజు మాత్రం చెమటలు పట్టేశాయి.

గీకిన ఫిల్ము, పైగా రంగు దట్టంగా పడింది. ఎక్కడ పట్టేస్తుందో, ఎక్కడ తెగుతుందో చెప్పలేం. కాపీ లేదు. తను అన్ని నెలలు గీకింది అదొక్కటే.

పిల్లల్లో కళ్ళజోడు అమ్మాయి క్యాబిన్‌లోకి తొంగి చూసింది. “బాబాయ్, తెగదు కదా?”

“నోటికి తాళం వెయ్యి తల్లీ.”

లైట్లు ఆర్పారు. మెషిన్ తిరిగింది.

తీగ. స్కేలు పెట్టి గీసినట్టుంది. పిచ్చుక వచ్చి వాలింది. తోక ఆడించింది. హాల్లో పిల్లలు నవ్వారు. నాకు ఊపిరి ఆడింది.

అంతలో తీగ కొంచెం కదిలింది.

మెషినే అనుకున్నాను. ఫిల్ముని పట్టుకునే గేటు వదులైందేమోనని బిగించాను.

తీగ ఇంకొంచెం కదిలింది.

ఇంకా బిగిస్తే ఫిల్ము తెగుతుంది. బిగించకపోతే బొమ్మ పాడవుతుంది. స్క్రూ మీద వేలు పెట్టి తెరకేసి చూశాను.

అప్పుడు మేడ కనబడింది.

మెషిన్ వణికితే మేడ కూడా వణకాలి. మేడ ఎక్కడిదక్కడే ఉంది. దాని కిటికీలు, మెట్లు, అన్నీ కుదురుగా ఉన్నాయి.

తీగ ఒక్కటే వణుకుతోంది.

స్క్రూ మీద నుంచి వేలు తీసేశాను.

“గాలొస్తోంది రోయ్!” హాల్లో ఎవరో అరిచారు.

కళ్ళజోడు అమ్మాయి నా భుజం పట్టుకుంది. “బాబాయ్, గాలిని ఎంత నెమ్మదిగా తెచ్చిందో చూడండి పిన్ని!”

తను నాకు చెప్పిన కథలో గాలి లేదు.

మొదటి తీగ ఎండాకాలంలో గీసింది. ఇప్పుడు తెర మీద వానలు మొదలైన రోజులు నడుస్తున్నాయి. తర్వాత వానలు ముదిరిన రోజులు. తర్వాత మొన్న. తర్వాత నిన్న. అన్ని రోజులూ సూది పట్టింది ఆ చెయ్యే.

పిచ్చుక ఎగరాలి.

ఎగరలేదు. ఊగిపోతున్న తీగని పట్టుకుని అలాగే కూర్చుంది, తెర తెల్లబడేదాకా.

చప్పట్లు. ఈలలు. ఫిల్ము తెగలేదు.

కళ్ళజోడు అమ్మాయి కిందకి పరుగెత్తింది. “పిన్నీ, ఆ గాలి ఆలోచన ఎలా వచ్చింది మీకు?”

క్యాబిన్ కిటికీలోంచి చూస్తున్నాను. మా ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో సంచి కింద పెట్టుకుని ఉంది.

“అదే వచ్చిందమ్మా,” అంది.

ఇంటికొచ్చాక టీ నేనే పెట్టాను. నా కప్పు నిండా పోసుకున్నాను. తన కప్పులో సగమే పోసి ముందు పెట్టాను.

కప్పు చూసింది. నన్ను చూసింది.

“ఏంటండీ, పిసినారితనమా?” అంది.

నా కప్పు పక్కన పెట్టాను. 

“పొద్దున్నే ఒకచోటికి వెళ్ళొద్దాం,” అన్నాను.

ఎక్కడికని అడగలేదు. రెండు చేతులతో కప్పు ఎత్తి, ఇన్నాళ్ళకి నా ఎదురుగానే తాగింది.

ఇంతేనండీ సంగతి. మీ వాళ్ళెవరైనా గుర్తొస్తే వాళ్ళకీ ఇది పంపించండి. పక్క గదిలోనే ఉంటే మాత్రం ఫోన్ పక్కన పెట్టి, లేచి వెళ్ళి చెప్పండి.

ఉంటాను మరి. ఆవిడ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.