మావయ్య చెవి

ఏమండోయ్, మిమ్మల్నే! చెవులు రెండూ ఉన్నాయా? ఓసారి తడిమి చూసుకోండి. చూసుకున్నారా? భలేవారే, చెప్పీ చెప్పగానే తడుముకున్నారు! ఇంత తేలిగ్గా మాట వినేవాళ్ళకు కథ చెప్పాలంటే నాకే జాలేస్తోంది. సరే, ఉన్న చెవులు రిక్కించండి.

“మ్యావ్!” అన్నాడు మావయ్య, టెస్టు గది ముందు పచార్లు చేస్తున్న మేనకోడలిని చూసి.

ఆమె పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది, మళ్ళీ తీస్తోంది. గోడ గడియారం సాయంత్రం నాలుగుంబావు చూపిస్తోంది.

ఆ ఇంజిన్ల కంపెనీలో మావయ్య పాత టెస్టు మెకానిక్కు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజిన్‌కీ, రెండో కొస చెవికీ ఆనించాడంటే లోపల ఏ నట్టు దగ్గిందో చెప్పేస్తాడు. మేనకోడలు అక్కడే కంప్యూటర్ మీద ఇంజిన్లు డిజైన్ చేసే ఇంజినీరు. ఆమె పిలిచీ పిలిచీ ఆయన కంపెనీ మొత్తానికి మావయ్య అయిపోయాడు. 

ఆకతాయి పనుల్లోనూ ఆయనే ముందు. పోయిన నెల పిల్లికూనలా అరిచే ఫోనొకటి ఇంజిన్ గాలిగొట్టంలో దాచాడు. పూటంతా ఇంజిన్ విప్పారు. మేనకోడలైతే గిన్నెలో పాలు పోసి, నేల మీద బోర్లా పడుకుని, “బుజ్జీ, రావే” అని బతిమాలింది. ఆరోజు నుంచీ ఎదురుపడితే చాలు, మ్యావే.

“ఏంటే ఆ మొహం? కంప్యూటర్‌కి జ్వరమా?”

“నవ్వులాట కాదు మావయ్యా. ఐదింటికి కొత్త ఇంజిన్ డ్రాయింగులు పోత పోసే ఫౌండ్రీకి వెళ్ళిపోతాయి. అచ్చులు చేసేశాక ఇక మార్చడానికుండదు. తప్పుందని నా లెక్క చెబుతోంది. పెద్దసారు నమ్మట్లేదు.”

“ఎందుకు నమ్మాలి? వేడి లెక్క చూసినాయన బాగుందన్నాడు. లోహం బలం చూసినాయన బాగుందన్నాడు. నీ ఒక్కదానికే కనబడిందా?”

“వాళ్ళు విడివిడిగా చూశారు. నేను గాలి, మంట, వేడి, లోహం, చప్పుడు అన్నీ కలిపి ఒకేసారి నడిపాను. వేడికి సిలిండర్ గోడ ఉబ్బితే పిస్టన్ దారి మారుతుంది. దారి మారితే రాపిడి. రాపిడికి మళ్ళీ వేడి. ఒకదాన్నొకటి ఎగదోస్తాయి.”

మావయ్య గడ్డం గోక్కున్నాడు. “అంటే మీ అత్తా నేనూ అన్నమాట. ఎవరికి వాళ్ళం బంగారం. ఒక గదిలో పెడితే అగ్గి.”

“అచ్చం అదే!”

“అయినా మీ అత్త అరుపు కంప్యూటర్‌లో వస్తుందా ఏంటి? ఇంజిన్ సంగతి ఇంజినే చెప్పాలి.”

అప్పుడే పెద్దసారు గబగబా వచ్చారు. వస్తూనే గడియారం వంక చూశారు.

“మావయ్యగారూ, ఈ అమ్మాయి తన లెక్క కాగితం మీద రాసి నా జేబులో పెట్టింది. మీరు ఇంజిన్ చప్పుడు విని చెప్పండి. రెండూ కలిస్తే డ్రాయింగులు ఆపేస్తాను. కలవకపోతే ఐదింటికి పంపించేస్తాను. ఈ కలిపి చేసే లెక్కలకు రేపే తాళం.”

“వారం రోజులు సెలవు పెట్టేసరికి నాకు చెప్పకుండానే నమూనా ఇంజిన్ బిగించేశారా?”

“నీకు జలుబు కదా మావయ్యా, ఇబ్బంది పెట్టడమెందుకని...” అంది మేనకోడలు.

“తలుపు అద్దానికి ఆ కాగితమేంటే?”

“కొత్త డిజైను. ఎవరూ చూడకూడదు.”

మావయ్య టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, గోడకున్న చిల్లుల రేకుకు చెవి ఆనించాడు. ఆమె మీట నొక్కింది. అవతల గుర్రుమని చప్పుడు అందుకుంది.

“భేష్! గ్లాసులో టీ కూడా తొణకట్లేదు. ఇంజిన్ కింది కొత్త రబ్బరు దిమ్మలు గట్టివే. పొగ వాసనా లేదు.”

“నీ ముక్కు పనిచేస్తే కదా.”

“ముక్కు పోతే పోయింది, చెవులున్నాయి. వేగం పెంచు... ఇంకా పెంచు.”

మావయ్య కళ్ళు మూసుకున్నాడు. ఐదుకు పది నిమిషాలుంది. పెద్దసారు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నారు. మేనకోడలు పెన్ను మూతను నమిలేస్తోంది.

“ఆగండాగండి. వేడెక్కాక వస్తోంది. టక్... టక్... నాలుగోది. కాదు కాదు!” ఆయన చెయ్యెత్తాడు. “మూడో సిలిండర్. పిస్టన్ గోడకు కొట్టుకుంటోంది. ఇలాగే అచ్చులు చేస్తే ప్రతి బండీ షెడ్డుకు తిరిగొస్తుంది.”

పెద్దసారు జేబులోని కాగితం విప్పారు. రెండుసార్లు చదివారు. వెంటనే ఫోను తీసి, “డ్రాయింగులు ఆపండి” అన్నారు. మేనకోడలు బెంచీ మీద కూలబడి అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

మావయ్య కాగితం లాక్కున్నాడు. ‘మూడో సిలిండర్. వేడెక్కాక.’

“చూశావా! నీ కంప్యూటర్ ఎన్ని చెప్పినా ముద్ర వేయాల్సింది ఈ చెవే. దీన్ని బురిడీ కొట్టించే యంత్రం ఇంకా పుట్టలేదు. తలుపు తీయవే, విప్పి గోడ మీద గీతలు చూపిస్తా.”

ఆమె తాళంచెవి ఇచ్చింది. మావయ్య స్క్రూడ్రైవర్ పట్టుకుని దర్జాగా లోపలికి అడుగుపెట్టాడు.

టక్... టక్... చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. టెస్టు బల్ల మీద మేనకోడలి కంప్యూటర్‌కు తగిలించిన రెండు స్పీకర్ పెట్టెలున్నాయి. వాటి మధ్య ఒక పాలగిన్నె ఉంది.

వెనక నుంచి పెద్దసారు మెల్లగా, “మ్యావ్” అన్నారు.

“అమ్మాయ్... ఇంజిన్ ఏదే?”

“ఇంకా పుట్టలేదు మావయ్యా.”