ఆరు వారాల చార్టు

"ఇదేమిటి?"

లిఫ్టు మెకానిక్ పనిముట్ల సంచిలోంచి తీసిన బేకరీ పొట్లాన్ని అతని ముక్కు కింద పెట్టి అడిగింది భార్య. పొట్లంలో సగం కొరికిన క్రీము కేకు ఉంది.

మెకానిక్ తువ్వాలు భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయాడు. "నిన్న కాస్త ఆకలేసి..."

"ఆకలా? నేను కట్టిచ్చిన కూరల డబ్బా ఏమైంది? చార్టు మీద టిక్కు పెట్టారుగా!"

చార్టు గోడకు వేలాడుతోంది. ఆరింటికి లేవాలి, అరగంట నడవాలి, వేళకు తినాలి, రోజుకు ఒక్క కాఫీ, పదింటికల్లా దీపాలు ఆర్పాలి. అన్నీ డాక్టరమ్మ చెప్పినవే. ఆరు వారాలుగా ఒక్క గడి కూడా ఖాళీ లేదు. వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఈ ఇల్లాలు, గుడ్డకు కొలత తీసినంత కచ్చితంగా మొగుడి చేత అవన్నీ చేయిస్తోంది.

కింద బండి హారన్ మోగింది. రోజూ అతన్ని పనికి తీసుకెళ్లే తోటి మెకానిక్ వచ్చాడు. ఆమె కిటికీలోంచి వంగి చూసింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. మీ అన్న రోజుకు ఎన్ని కాఫీలు తాగుతాడు?"

"నాలుగైదు పడందే స్పానర్ పట్టుకోడు వదినా!" అని నవ్వి, ఆమె వెనకాల అన్న మొహం కనబడగానే నాలిక్కరుచుకున్నాడు.

ఆమె గుండె జారిపోయింది. కోపం ఆ తర్వాత వచ్చింది. మనసు బాగుండటం లేదు, నిద్ర పట్టడం లేదంటూ తనను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది ఈ మనిషే కదా! ఆవిడ ప్రశ్నలన్నీ తననే అడిగితే, ఇంటి సంగతులు ఆడవాళ్లకే తెలుస్తాయని కాబోలు అనుకుంది. "తేలిగ్గా తీసుకోకండి. ముందు తిండీ నిద్రా నడకా దారిలో పెట్టండి, ఆరు వారాల తర్వాత మందుల సంగతి చూద్దాం" అంది ఆవిడ.

ఒక్కడినే నడవలేనంటే పక్కన నడిచింది. ఒక్కడినే చప్పిడి తిండి తినలేనంటే తనూ అదే తింది. వెలుతురుంటే నిద్ర రాదంటే పదింటికల్లా మిషన్ మీద గుడ్డ కప్పేసింది. ఇంత చేస్తే, గడప దాటగానే అంతా గంగలో కలిపేస్తున్నాడు!

"లిఫ్టు గోతిలో వేలాడుతూ పనిచేసే మనిషి! అక్కడ మీకు తల తిరిగితే నా గతేం కావాలి?" చార్టును మేకు నుంచి ఊడబీకి చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"డాక్టరమ్మ దగ్గరికి. మీ బండారం బయటపెట్టడానికి."

"ఒక్కదానివేనా?"

"ఏం, నాకు కాళ్లు లేవా?"

అతను ఆపలేదు. ఆపకపోయేసరికి ఆమెకు ఇంకా మండింది.

రోడ్డు దాటింది. కిక్కిరిసిన బస్సెక్కి, కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆరు వారాల కష్టం బూడిదలో పోసిన పన్నీరైపోయిందే! రేపు ఆ మనిషి మంచం దిగనంటే ఏం చేయాలి? దారి పొడవునా అదే భయం.

చార్టును డాక్టరమ్మ ముందు బల్ల మీద పరిచింది టైలరమ్మ. "ఇవన్నీ దొంగ టిక్కులండీ! ఆయన మనల్నిద్దర్నీ మోసం చేశారు."

"కూర్చోండి. నడక మానేశారా?"

"అది మానలేదు. నేను పక్కనుంటానుగా."

"తిండి?"

"ఇంట్లో బుద్ధిమంతుడే, నాతో పాటే తింటారు. బయటే ఈ వేషాలన్నీ."

"మీకు నిద్ర పడుతోందా?"

"నాకేమిటండీ, తల దిండుకు ఆనగానే పట్టేస్తుంది. ఆయన సంగతి చూడండి ముందు!"

"చేతులు వణకడం?"

"ఎక్కడిది? సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కుతోంది. నా ఊసెందుకండీ?"

"ఇక్కడికి ఎవరితో వచ్చారు?"

"ఎవరితో ఏమిటి, ఒక్కదాన్నే. బస్సులో..."

అక్కడ ఆగిపోయింది. ఏడాదిగా వీధి చివరి దుకాణానికైనా ఆయన తోడు లేనిదే వెళ్లలేదు. జనాన్ని చూస్తే చాలు, చెమటలు, గుండెదడ. ఇవాళ కోపంలో ఆ సంగతే గుర్తు రాలేదు.

డాక్టరమ్మ చార్టు మడిచి, సొరుగులోంచి ఫైలు తీసింది. "మీరు ఒక్కరే ఈ మెట్లెక్కి వచ్చిన రోజున దీన్ని చూపించమన్నారు మీవారు. అప్పటిదాకా నోరు విప్పొద్దన్నారు."

మొదటి కాగితం మీద మెకానిక్ వంకర అక్షరాలు ఉన్నాయి: "రోగి: నా భార్య. పని: కుట్టుపని. తన కోసమైతే డాక్టరు దగ్గరికి రాదు, నా కోసమైతే వస్తుంది."