మొదటి గుక్క

"గడియ సరిగ్గా పడిందా?" లెయోక్రితోస్ మూడోసారి అడిగాడు.

"పడింది. ఇంకెన్నిసార్లు చూడమంటావు?" అంది అతని భార్య క్లెయితో. "ఊటనీళ్లకి వెళ్లిన మీరినా ఇంకా రాలేదు. అదెలా లోపలికొస్తుంది?"

"వచ్చి గడపలో కూర్చుంటుంది."

అతని చూపంతా థ్రత్తా మీదే ఉంది. కొండవాలులో ఈ ద్రాక్షతోట వేయడానికి ఐదేళ్లు రాళ్లు ఏరిన దాసి ఆమె. ఆమె కూతురే మీరినా. ఆ పిల్లను ఎఫెసుస్ వర్తకుడికి అమ్మేశాడు. ఈ సాయంత్రమే ఓడ. ఆ సంగతి విన్నరోజు థ్రత్తా ఏడవలేదు. ఈ తోట ద్రాక్షసారా మీ నోటిదాకా రాదు దొరా అని మాత్రం అంది.

సామోస్ దీవిలో ఆ మాట తెలియనివాళ్లు లేరు. వెనకటికి ఇక్కడి రాజుతో అతని దాసుడు అన్నమాటే అది. రాజు తొలి గిన్నె ఎత్తి దాసుణ్ణి వెక్కిరిస్తుండగా, తోటలో అడవిపంది పడిందని కబురొచ్చింది. గిన్నె దించి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఆ కథే సామెతై ఊరూరా పాకింది.

లెయోక్రితోస్ ఆ రాజులా మోసపోదలచుకోలేదు. దాసులందరినీ పొద్దున్నే తోట చుట్టూ కాపలా పెట్టాడు. తోట తొలి పంట సారా జాడీ మూత తీయగానే ముందు థ్రత్తా చేతే రుచి చూపించాడు. దేవతలకు ధార పోస్తుండగా తలుపు దబదబా మోగింది. పక్కింటి దోర్కోన్.

"తలుపు తియ్యి, చెప్తాను!"

"వచ్చింది పంది," అని నవ్వాడు లెయోక్రితోస్. "వాడికెంత ముట్టజెప్పావే?"

"నా దగ్గరేముంది దొరా ఇవ్వడానికి?"

క్లెయితో తలుపువైపు అడుగేస్తే చెయ్యి పట్టి ఆపాడు. థ్రత్తా సారాలో కలపాల్సిన నీళ్లు ఒలకబోసింది. మళ్లీ పెరట్లోని బావికి వెళ్లి తోడుకొచ్చింది. ఆలస్యం చేస్తోందని అతనికి తెలుస్తూనే ఉంది. ఎంతసేపు చేస్తుందో చేయనీ అనుకున్నాడు. తలుపు మీద దెబ్బలు ఆగి, మళ్లీ మొదలయ్యాయి.

చివరికి గిన్నె చేతికొచ్చింది. ఒక్క గుక్కలో తాగేసి బోర్లించాడు. "ఏదే నీ జోస్యం?"

థ్రత్తా ఖాళీ గిన్నె అందుకుంది.

క్లెయితో గడియ తీసింది. దోర్కోన్ గొంతు బొంగురుపోయింది. "చెవుల్లో మైనం పోసుకున్నారా? వీధిలో అరిస్తే నీ పరువు పోతుందని ఊరుకున్నాను. మీ మీరినా హేరా గుడి దారిలో పరుగెత్తుతోందయ్యా. అప్పుడే గుర్రమెక్కి ఉంటే దొరికేది. ఈపాటికి బలిపీఠం పట్టుకునే ఉంటుంది. దేవత శరణు జొచ్చినదాన్ని ఇక ముట్టుకునేదెవరు?"

లెయోక్రితోస్ వెనక్కి తిరిగాడు.

"మీరు తలుపు తీయకూడదనే ఆ మాట అన్నాను, దొరా," అంది థ్రత్తా.