ఖాళీ కంప్యూటర్ల కొండల్

కొండల్ మోసం చేయడానికి ఎంచుకున్న మొదటి ఇల్లు సరళాదేవిది. కరీంనగర్‌లోని ఆ కాలనీలో ఆమె మాటకు ఎదురులేదు. ఆమె తలూపితే మిగతా ఇళ్లన్నీ వాటంతటవే తలుపులు తీస్తాయని అతని ఎత్తు.

"అమ్మా, మీ కంప్యూటర్ దినమంత ఖాళీగనే ఉంటది గదా," అన్నాడు, మెడలోని ఐడీ కార్డు సర్దుకుంటూ. "గా ఖాళీ టైంల దాన్ని మందుల పరిశోధనకు ఇయ్యండి. కొత్త మందు కనుక్కోవాలంటే కొండంత లెక్క చెయ్యాలె. ఒక్క కంప్యూటర్‌తోని కాదు. ఊరూరా ఇండ్లల్ల కంప్యూటర్లు తలా ఇంత చేస్తేనే అయితది. మీరు జర ఆన్‌ల ఉంచుండ్రి, చాలు."

సరళాదేవి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మా ఆయన క్యాన్సర్‌తోనే పోయిండు బిడ్డా. పెట్టు. ఎన్ని దినాలైనా నడవనీ."

కొండల్ పెన్‌డ్రైవ్ గుచ్చి, నొక్కాల్సిన చోట నొక్కాడు. కంప్యూటర్ గురించి అతనికి తెలిసింది అంతే. కానీ ఆ పెన్‌డ్రైవ్‌లో ఏముందో మాత్రం బాగా తెలుసు. ఇంటివాళ్లకు తెలియకుండా వాళ్ల కంప్యూటర్‌తో, నెట్‌లో డబ్బుగా చెల్లే క్రిప్టో నాణేలు పుట్టించే దొంగ సాఫ్ట్‌వేర్ అది. కంప్యూటర్ వాళ్లది, కరెంటు వాళ్లది, నాణేలు కొండల్‌వి. హైదరాబాద్‌లో లక్ష్మణ్ అనేవాడి దగ్గర, బైకు అమ్మి మరీ కొన్నాడు.

"పైకి అచ్చం మందుల పరిశోధన లెక్కనే కనవడతది అన్నా. పోలీసోళ్లు చూసినా పట్టలేరు," అని లక్ష్మణ్ అప్పుడే చెప్పాడు.

చెప్పినట్టే తెర మీద అణువుల బొమ్మల్లా రంగురంగుల పూసలు మెలికలు తిరుగుతూ కనిపించాయి. కొండల్ మురిసిపోయాడు. దొంగపని అయినా ఇంత నాణ్యంగా చేసేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు!

ఈ పుణ్యం పిచ్చి కాలనీలో ఇంటింటికీ అంటుకుంది. సరళాదేవి కొండగట్టు నుంచి తెచ్చిన సిందూరంతో కంప్యూటర్‌కు బొట్టు పెట్టింది. గదిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే "పరిశోధన నడుస్తుంది, చప్పుడు చెయ్యకుండ్రి" అని కసిరేది. వెనకాల నుంచి వచ్చే వేడిగాలి వృథా కాకుండా అక్కడ టమాట వరుగులు ఎండబెట్టింది. అది చూసి పక్కింటివాళ్లు మిరపకాయలు పెట్టారు.

ఒక్క కొండల్ ఖాతాలోనే ఏమీ పడలేదు.

ఫోన్ చేస్తే లక్ష్మణ్ నవ్వాడు. "పరేషాన్ గాకే అన్నా. ఇండ్లు ఎక్కువైతేనే నాణేలు రాలుతయ్. ఇంకిన్ని పెట్టు."

కొండల్ ఇంకొన్ని పెట్టాడు. జగిత్యాల పోయాడు, నిర్మల్ పోయాడు. భైంసాలో ఒక పత్తి వ్యాపారి కొట్టులో కంప్యూటర్లన్నిటికీ ఎక్కించాడు. చెప్పులు అరిగాయి, చెప్పిందే చెప్పి గొంతు పోయింది. రానురాను ఆ మందుల మాటలు ఎంత బాగా వచ్చాయంటే, ఒక్కోసారి చెబుతూ చెబుతూ తనకే కళ్లు చెమర్చేవి.

వీటన్నిటికన్నా సరళాదేవే అతనికి పెద్ద బాధ అయింది. దారిలో ఎక్కడ కనిపించినా ఆపేది.

"మందు దొరికిందా బిడ్డా?"

"దొరుకుతది అమ్మా. జర దగ్గరికొచ్చింది."

ఆ రాత్రుళ్లు అతనికి అన్నం సయించేది కాదు.

ఒకరోజు పోలీసు స్టేషన్ నుంచి ఫోన్. ఎస్సై పరశురాములు రమ్మంటున్నారట. కొండల్ పారిపోదామా అనుకున్నాడు గానీ బైకు లేదు. ఆటో దిగి లోపలికి వెళ్లేసరికి ఎస్సై ఎదురుగా కుర్చీలో సరళాదేవి కూర్చుని ఉంది.

ఇంకేముంది, అయిపోయింది! ఆమె ఫిర్యాదు ఇచ్చేసింది! కొండల్ ఒక్క ఉదుటున ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"తప్పయింది అమ్మా! మందు లేదు, పరిశోధన లేదు. నాణేల కోసం గా దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టిన. కరీంనగర్‌ల పెట్టిన, జగిత్యాల్ల పెట్టిన, భైంసాల గూడ పెట్టిన. నన్ను జైల్ల ఎయ్యండి సార్, గీ అమ్మ ముంగటికెల్లి మాత్రం తీస్కపోండి!"

ఎస్సై చేతిలోని పెన్ను కింద పెట్టాడు.

"అమ్మగారు వచ్చి, స్టేషన్ కంప్యూటర్లు గూడ పుణ్యానికి పెట్టుమంటే, నిన్ను పిలిపిచ్చిన," అన్నాడు ఎస్సై మెల్లగా. "నువ్వు గిది చెప్తున్నవా?"

సరళాదేవి కళ్లద్దాలు తీసేసింది. "మా ఆయన ఫొటో పక్కన పెట్టుకొని నడిపిచ్చిన గదరా," అంది. ఎస్సైకి ఇద్దామని తెచ్చిన వరుగుల సంచితో కొండల్ వీపు మీద రెండు వేసింది. వరుగులు నేలంతా చెదిరాయి. కొండల్ ఏడుస్తూనే వాటిని ఏరి ఆమె ఒళ్లో పెట్టాడు.

ఎస్సై కొండల్ జేబులోని పెన్‌డ్రైవ్ లాక్కుని, సైబర్ కేసులు చూసే కానిస్టేబుల్ మమతారాణికి ఇచ్చాడు. "చూసి కేసు రాయి. ఒక్క సెక్షన్ వదలకు."

మమతారాణి దాన్ని తన కంప్యూటర్‌కు పెట్టింది. చాలాసేపు చూసింది. సరళాదేవి ఇంటికి ఫోన్ చేసి అక్కడి తెర మీద ఏం రాసుందో చదివించుకుంది. భైంసా పత్తి కొట్టుకూ చేసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వసాగింది.

"ఏమైంది? ఏం కేసు?" అన్నాడు ఎస్సై.

"ఏం కేసు రాయాలె సార్? గీ దొంగకు ఇంకో దొంగ టోపీ పెట్టిండు. నాణేల సాఫ్ట్‌వేర్ అని చెప్పి, నెట్‌ల ఉత్తగ దొరికే అసలు మందుల పరిశోధన సాఫ్ట్‌వేరే అమ్మిండు!"