మిగిలిపోయిన ఫోల్డర్

సాయంత్రం అయిదింటికి పాత సర్వర్ ఆపేస్తారు. అందులో ఇంకా ఒక్క ఫోల్డర్ మిగిలి ఉంది. దాన్ని కదపవలసిన మనిషేమో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

పక్క సీటులోంచి చూస్తున్న క్యాషియర్‌కు ఒళ్లు మండిపోతోంది.

ఆవిణ్ణి ఆఫీసులో అందరూ సర్వరమ్మ అంటారు. సర్వర్ ఉండేది ఎక్కడో హెడ్డాఫీసులో. ఇక్కడ కూర్చుని, నల్లటి తెర మీద కమాండ్లు కొడుతూ, అక్కడి ఫైళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం ఆవిడ పని. కిందటేడు కంపెనీ పడవ మునిగిన కొత్తలో, కోరి మరీ ఈ బ్రాంచికి బదిలీ చేయించుకుని వచ్చింది. ఈ నెలాఖరుకు రిటైరవుతోంది. పని గురించి తప్ప మరో మాట మాట్లాడదు. అందరి ఇళ్ల సంగతులూ నోటికి వచ్చిన క్యాషియర్‌కు, ఆవిడ ఇంట్లో ఎవరున్నారో మాత్రం ఇప్పటికీ అంతు చిక్కలేదు. ఆ కోపం కూడా కొంత ఉంది.

అది చేపల కంపెనీ. పనివాళ్లు ఒక్కొక్కరికీ ఒక ఫోల్డర్. పనిలో ఉన్నవాళ్లవి ఒక డైరెక్టరీలో, చనిపోయినవాళ్లవి ఇంకో డైరెక్టరీలో ఉంటాయి. తుఫానులో పడవ మునిగాక, ఆచూకీ తెలియనివాళ్ల కోసం మూడోది తెరిచారు. శవం ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడల్లా సర్వరమ్మ ఆ మనిషి ఫోల్డర్‌ను మూడోదాంట్లోంచి తీసి రెండోదాంట్లోకి మార్చేది. అలా మార్చగానే అతని భార్యకు ప్యాకింగ్ షెడ్డులో ఉద్యోగం వచ్చేది.

ఒక్క కుర్రాడు మాత్రం దొరకలేదు. ఇన్నాళ్లూ కనబడకపోతే పోయినట్టే లెక్క అని పైనుంచి ఎప్పుడో ఉత్తరువు వచ్చింది. అయినా సర్వరమ్మ ఆ ఫోల్డర్ జోలికి వెళ్లలేదు. అడిగితే, శవం రాలేదుగా అంటుంది.

కుర్రాడి భార్య రోజూ వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంటుంది. నిండా పాతికేళ్లు లేవు. ఏడవదు, ఎవరినీ బతిమాలదు. ఆ పిల్లకు వెనకా ముందూ ఎవరూ లేరని క్యాషియర్ తనంతట తానే తేల్చేసుకున్నాడు.

ఇవాళతో ఆ ఫోల్డర్ సంగతీ తేలిపోతుంది. కొత్త సర్వర్ ఏర్పాటు చేసినవాళ్లు రెండు డైరెక్టరీలే పెట్టారు. ఉన్నవాళ్లకు ఒకటి, పోయినవాళ్లకు ఒకటి. అయిదింటిలోగా అటు చేరనిది ఇక్కడే చెరిగిపోతుంది. చెరిగిపోతే ఆ కుర్రాడు కంపెనీలో ఏనాడూ పని చేయనట్టే, భార్యకు ఉద్యోగం లేనట్టే.

పొద్దున్నుంచి సర్వరమ్మ మిగతా ఫోల్డర్లన్నీ చకచకా పంపేసింది. ఆ ఒక్కదాని దగ్గరకు వచ్చేసరికి కొత్త సర్వర్‌లో మూడో డైరెక్టరీ తెరవబోయింది. అనుమతి లేదంది తెర. తర్వాత ఆవిడ చేసిన పని చూసి క్యాషియర్ నోరు వెళ్లబెట్టాడు. ఫోల్డర్‌ను తీసుకెళ్లి పనిలో ఉన్నవాళ్లలో పెట్టింది. ఈ నెల హాజరు ఏదని సర్వర్ దాన్ని తిప్పికొట్టింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తిప్పికొట్టింది. హెడ్డాఫీసుకు ఫోన్ చేసి గంటసేపు ప్రాధేయపడింది. ఉన్నాడో పోయాడో ఏదో ఒకటి చెప్పండి, మూడోది మా దగ్గర లేదు అని అవతలివాడు ఫోన్ పెట్టేశాడు.

రిటైరయ్యే ముందు ఆ పిల్ల ఉసురు ఎందుకు పోసుకుంటోందో క్యాషియర్‌కు అర్థం కాలేదు. ఇక ఉండబట్టలేక వరండాలోకి వెళ్లాడు.

“నువ్వైనా లోపలికొచ్చి గట్టిగా అడగమ్మా. ఇలా నోట్లో నాలుక లేనట్టు కూర్చుంటే ఎలా?” అన్నాడు.

ఆ పిల్ల తలెత్తలేదు. “అది ఆవిడ చేత్తో చెయ్యాల్సిన పనండీ. నేనెలా తొందరపెడతాను?”

మంచితనానికైనా హద్దుండాలి అనుకున్నాడు క్యాషియర్. లోపలికి వస్తూనే ఆఫీసంతా వినబడేలా, “ఒక బిడ్డను కని ఉంటే తెలిసేది మీకు, ఆ పిల్ల బాధ ఏమిటో” అన్నాడు.

అన్నాక తనకే కొంచెం ఎక్కువైందనిపించింది, కానీ వెనక్కి తగ్గలేదు. సర్వరమ్మ కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ గోడ గడియారం చూసింది. అయిదుకు ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయి.

“ఒకసారి అటు మార్చేస్తే, మళ్లీ ఇటు తేలేమండీ” అంది. ఆ గొంతు ఆయన అంతవరకూ విన్నది కాదు.

“ఎందుకు తేవాలండీ? ఇంకెవరొస్తారు?”

ఆవిడ కమాండ్ కొట్టింది. చెరిపేసింది. మళ్లీ కొట్టింది. మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా అలాగే ఉండిపోయింది. ప్యూను కిటికీలు మూయడం మొదలుపెట్టాడు. చివరికి నొక్కింది.

మిగతావాటికి పట్టినంత సేపే దీనికీ పట్టింది. ఈసారి సర్వర్ ఏమీ అడగలేదు. పాత డైరెక్టరీ తెరిచి చూస్తే ఖాళీగా ఉంది. సర్వరమ్మ ఆ ఖాళీ తెర వైపే చూస్తూ కూర్చుంది.

క్యాషియర్‌కు యుద్ధం గెలిచినంత సంబరమైంది. గుమ్మం దాకా పరుగున వెళ్లి, నీ పని అయిపోయిందమ్మా, రేపే వచ్చి ఉద్యోగంలో చేరిపో అని ఆ పిల్లకు చెప్పాడు. ఇన్నాళ్లకు మొదటిసారి ఆమె లోపలికి వచ్చింది. తనకు దండం పెడుతుందేమోనని ఆయన కాస్త సర్దుకుని నిలబడ్డాడు.

ఆమె ఆయన వంక చూడనైనా చూడకుండా సర్వరమ్మ దగ్గరికి వెళ్లి, మీట మీదే ఉండిపోయిన ఆ చేతిని మెల్లగా తీసి తన చేతిలోకి తీసుకుని, “పదండి అత్తయ్యా, ఇంటికి పోదాం” అంది.