మూత తీయని వంట

…నాన్న మెలిపెట్టిన అమ్మ చెయ్యి వాపు ఇవాళ కూడా తగ్గలేదు. అందుకే తను పక్కన నిలబడి చెప్తుంటే కూరగాయలు నేనే తరిగాను. చికెన్, బంగాళాదుంప, క్యారెట్, కాస్త క్రీమ్, అన్నీ స్లో కుక్కర్‌లో పడేసి స్విచ్ వేశాం. సాయంత్రానికి కాసరోల్ కూర దానంతటదే ఉడికిపోతుంది.

“మధ్యలో మూత తీయకు. మూత తీస్తే వేడి పోతుంది, నోరు తెరిస్తే గుట్టు పోతుంది,” అంది అమ్మ. నేను నవ్వలేదు. తనూ నవ్వలేదు.

నాన్న రాగానే గుమ్మంలోనే గట్టిగా వాసన పీల్చాడు. “అబ్బో! మీ అమ్మ అలక తీరినట్టుందే?”

“తలనొప్పని పడుకుంది నాన్నా. లేపొద్దంది.”

“మహారాణి! సరేలే, వండి పెట్టిందిగా.”

అనుకున్నంత భయం వేయలేదు. అసలు ఏమీ అనిపించలేదు. ఇంట్లో వంట వాసన ఉంటే అమ్మ కూడా ఉందనుకుంటాడు. మధ్యాహ్నం బస్సెక్కిన అమ్మ ఇంకా పెద్దమ్మ ఇంటికి చేరి ఉండదు. రేపు నన్ను స్కూల్ దగ్గర నుంచే తీసుకెళ్తానంది. ఈ ఒక్క రాత్రి గడవాలి.

నా గది తలుపు కొడుతున్నాడు.

“తల్లీ, ప్లేట్లు మూడూ నేనే పెట్టాను. పాపం, మీ అమ్మ మీద జాలేసింది. దా, ఇద్దరం కలిసి లేపుదాం.”

“వస్తున్నా నాన్నా,” అంటూనే రాస్తున్న ఈ కాగితాలు దిండు గలీబులోకి తోస్తున్నాను.